దారం తెగితే ఆగే మగ్గం: టయోటాకు మంచిపేరు ఎలా వచ్చింది, ఎక్కడ చిరిగింది

2024 జనవరి నెలాఖరులో ఇన్నోవా క్రిస్టా బుక్ చేసుకుని షోరూమ్ ఫోను కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు వింత కబురొకటి అందింది. క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ బండ్లను డీలర్లకు పంపడం తాత్కాలికంగా ఆపేశారని. ఎక్కడా ప్రమాదం జరగలేదు, బండి ఆగిపోయిందని ఎవరూ గోలపెట్టలేదు. ఆ డీజిల్ ఇంజన్లను రూపొందించిన జపాన్ కంపెనీ, ప్రభుత్వ అనుమతి కోసం చేసే పవర్ పరీక్షలో గోల్‌మాల్ చేసిందని బయటపడింది, అంతే. ఆ కంపెనీ పేరు టయోటా ఇండస్ట్రీస్. పుట్టినప్పుడు దాని పేరు టయోడా ఆటోమేటిక్ లూమ్ వర్క్స్. అంటే మగ్గాల కంపెనీ. టయోటా కార్ల కంపెనీకి పుట్టిల్లు అదే.

టయోటా అంటే మొండి బండి, ఏళ్ల తరబడి తిరుగుతుంది, అమ్మబోతే మంచి రేటొస్తుంది. ఈ మాట కరీంనగర్‌లో విన్నా, కాలిఫోర్నియాలో విన్నా, సహారా ఎడారిలో విన్నా ఒకలాగే ఉంటుంది. ఇంతమందికి ఇంత నమ్మకం ఎలా కుదిరింది? జపాన్‌వాళ్ల క్రమశిక్షణ అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు నచ్చదు. పరీక్షల్లో దొంగలెక్కలు రాసినవాళ్లూ జపాన్‌వాళ్లే కదా. నాకు తోచినంతలో ఈ కథంతా ఒక పాత అలవాటు చుట్టూ తిరుగుతుంది: తప్పు కనబడగానే పని ఆపేయడం. ఆ అలవాటు మగ్గం మీద మొదలైంది. ఆ పేరు చిరిగిన చోట్లన్నీ వెతికితే, ఆపాల్సినవాడు ఆపకుండా ఊరుకున్న సందర్భాలే దొరుకుతాయి.

సకిచి టయోడా 1867లో, ఇప్పటి షిజువోకా ప్రాంతంలో, ఒక వడ్రంగి ఇంట పుట్టాడు. పెద్ద చదువేమీ లేదు. ఇంటింటా ఆడవాళ్లు చేతిమగ్గం మీద పడే అవస్థ చూసి, దాన్ని తేలిక చేసే పనిలో పడ్డాడు. 1891లో కొయ్యమగ్గానికి తొలి పేటెంటు వచ్చింది. ఆ తర్వాత మూడు దశాబ్దాల పైచిలుకు ఒకే ధ్యాస. 1924లో టైప్-జి అనే ఆటోమేటిక్ మగ్గం తయారైంది.

దీని గొప్పేమిటో తెలియాలంటే నేత కొంచెం తెలియాలి. నిలువు దారాలు పడుగు, అడ్డం దారం పేక, పేకను అటూ ఇటూ మోసేది నాడె. చేతిమగ్గం మీద దారం తెగితే నేతగాడి చేతికే తెలిసిపోతుంది. మరమగ్గంతో వచ్చిన చిక్కు ఏమిటంటే, దానికి చెయ్యి ఉంది గానీ కన్ను లేదు. దారం తెగినా కొడుతూనే ఉంటుంది, గజాల కొద్దీ బట్ట పాడవుతూనే ఉంటుంది. అందుకని మగ్గానికో మనిషి కాపలా కూర్చోవాలి. సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) మధ్య కాసేపు నిలబడి చూస్తే ఈ కాపలా సంగతి అర్థమవుతుంది: మాట వినబడని మోతలో, కార్మికుడి కళ్లు ఒక బట్ట మీంచి ఇంకో బట్ట మీదికి తిరుగుతూనే ఉంటాయి.

టైప్-జి మగ్గంలో పడుగు దారం ఒక్కోదానికి ఒక సన్నటి లోహపు రేకు వేలాడుతుంది. దారం బిగువుగా ఉన్నంతసేపు రేకు దాని మీద నిలబడే ఉంటుంది. దారం తెగిందా, రేకు జారి కింద పడుతుంది, కదులుతున్న పట్టీకి అడ్డం వస్తుంది, మగ్గం ఆగిపోతుంది. పేక తెగినా అంతే. నాడెలో దారం అయిపోవస్తుంటే మగ్గం ఆగకుండానే కొత్త నాడె వచ్చి చేరుతుంది. ఇక మనిషి కాపలా ఉండక్కర్లేదు. మగ్గం ఆగినప్పుడు వెళ్లి చూస్తే చాలు. ఒక్కరే పదుల కొద్దీ మగ్గాలు చూసుకోవచ్చు.

జపనీస్‌లో ఆటోమేషన్‌ను జిదోకా అంటారు. టయోటావాళ్లూ అదే పలుకుతారు, కానీ రాసేటప్పుడు మధ్య అక్షరానికి 'మనిషి' గుర్తు ఒకటి చేర్చి రాస్తారు. దాంతో 'కదలడం' అనే అక్షరం 'పనిచేయడం' అవుతుంది. వట్టినే కదిలే యంత్రం వేరు, బుద్ధి ఉండి పనిచేసే యంత్రం వేరు అని వాళ్ల ఉద్దేశం. మేనేజ్‌మెంట్ పాఠాల్లో ఈ మాటకు పేజీలకు పేజీలు రాస్తారు గానీ, దారం తెగితే పడే ఆ రేకు ముక్కను ఒక్కసారి ఊహించుకుంటే అంతా అందులోనే ఉంది.

1929లో ఇంగ్లండ్‌లోని ఓల్డామ్‌కు చెందిన ప్లాట్ బ్రదర్స్ ఈ మగ్గం హక్కులు కొనుక్కుంది. ఒప్పందం లక్ష పౌండ్లకు. నేతయంత్రాలను ప్రపంచానికి నేర్పిన దేశం, ఒక జపాన్ వడ్రంగి కొడుకు దగ్గర పేటెంటు కొనడమంటే అప్పట్లో చిన్న ముచ్చట కాదు. ఆ డబ్బుతోనే కొడుకు కార్ల కంపెనీ పెట్టాడని కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ లెక్క అంత సూటిగా లేదు. ఆ సొమ్ము వాయిదాల్లో రావాల్సింది, మధ్యలో ప్లాట్‌వాళ్లు బేరమాడి తగ్గించుకున్నారు కూడా. కార్లకు అసలు పెట్టుబడి మగ్గాల కంపెనీ లాభాల్లోంచీ, అప్పుల్లోంచీ వచ్చింది. సకిచి 1930లో కన్నుమూశాడు.

కొడుకు కీచిరో టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో చదివిన ఇంజనీరు. 1933లో మగ్గాల కంపెనీలోనే కార్ల విభాగం తెరిచాడు. ఒక షెవర్లే కారు కొని, విప్పి, ఒక్కో భాగం కొలతలు తీశారు. 1935 నవంబరులో జి-1 అనే ట్రక్కును టోక్యోలో జనానికి చూపించారు. ఆ చూపించబోయే ట్రక్కు దారిలోనే మొరాయించింది. అమ్మిన ట్రక్కుల గతీ అదే: ఇవాళ ఇక్కడ ఆగిందని, రేపు అక్కడ ఆగిందని కబుర్లు. కీచిరో స్వయంగా వెళ్లి, ఆగిపోయిన ట్రక్కు కింద దూరి, ఏది విరిగిందో చూసుకునేవాడు. చూసిన ప్రతి లోపానికీ డిజైన్‌లో ఒక సవరణ. ప్రపంచంలో మన్నికకు మారుపేరైన కంపెనీ మొదటి సరుకు అడుగడుగునా చెడిపోయిన ట్రక్కు అన్నది నాకు ఈ కథలో బాగా ఇష్టమైన సంగతి.

ఇంటిపేరు టయోడా, కంపెనీ పేరు టయోటా ఎందుకైందని చాలామంది అడుగుతారు. ఇంటిపేరుకు 'పుష్కలంగా పండే వరిపొలం' అని అర్థం. 1936లో బ్రాండు గుర్తు కోసం పోటీ పెట్టినప్పుడు 'టయోటా' ఎంపికైంది. కటకానా లిపిలో రాస్తే దానికి ఎనిమిది గీతలు, టయోడాకు పది. ఎనిమిది కలిసొచ్చే అంకె అని వాళ్ల నమ్మకం. సంఖ్యాశాస్త్రం మన దగ్గర మాత్రమే ఉందనుకునేవాళ్లు ఇది గమనించాలి. 1937 ఆగస్టు 28న టయోటా మోటార్ కంపెనీ విడిగా నమోదైంది. ఫ్యాక్టరీ పెట్టిన కొరోమో అనే ఊరు 1959లో తన పేరునే మార్చుకుని టయోటా సిటీ అయింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కంపెనీ దివాలా అంచుకు వచ్చింది. 1949లో అమెరికా ఆక్రమణ ప్రభుత్వం తెచ్చిన పొదుపు విధానంతో డబ్బు కరవైంది, ట్రక్కులు అమ్ముడైనా సొమ్ము వసూలు కాలేదు. బ్యాంకులు కలిసి అప్పిచ్చాయి, షరతులతో. మనుషుల్ని తీసేయనని మాటిచ్చిన కీచిరో ఆ మాట నిలబెట్టుకోలేకపోయాడు. పెద్ద సమ్మె జరిగింది. 1950లో రెండు వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి, కీచిరో కూడా రాజీనామా చేసి వెళ్లిపోయాడు. ఆయన దిగిపోయిన ఆ జూన్ నెలలోనే కొరియా యుద్ధం మొదలైంది. అమెరికా సైన్యం ట్రక్కులు కావాలంటూ వేలకొద్దీ ఆర్డర్లిచ్చింది. కంపెనీ బతికింది. కీచిరోను తిరిగి రమ్మన్నారు, రాబోతుండగా 1952లో చనిపోయాడు. టయోటా పద్ధతుల గురించి గొప్పగా రాసేవాళ్లు ఈ అదృష్టాన్ని తరచూ దాటేస్తుంటారు. పక్క దేశంలో యుద్ధం రాకపోతే ఆ పద్ధతులు పుట్టడానికి ఫ్యాక్టరీయే మిగిలేది కాదేమో.

అదే 1950లో కీచిరో పినతండ్రి కొడుకు ఏజీ టయోడా అమెరికా వెళ్లి ఫోర్డ్ ఫ్యాక్టరీ చూసొచ్చాడు. అప్పట్లో ఫోర్డ్ రోజుకు 8,000 బండ్లు చేస్తుంటే టయోటా 40 చేసేది. గుట్టలుగా విడిభాగాలు పోసుకుని, ఒకే రకం బండిని లక్షల్లో చేసే ఆ పద్ధతి 40 బండ్ల కంపెనీకి ఎలా పనికొస్తుంది? అంత డబ్బు లేదు, అంత గోడౌనూ లేదు. ఈ లేమిలోంచే టయోటా ఉత్పత్తి విధానం పుట్టింది. దాన్ని కట్టినవాడు తైచీ ఓనో. ఆయన కూడా టయోడావారి నేత మిల్లులో పని మొదలుపెట్టి, 1943లో కార్లవైపు వచ్చినవాడే.

ఓనో ఆలోచన మన ఇంటి వంటగదిలో రోజూ జరిగేదే. కందిపప్పు డబ్బా అడుగంటితే చీటీలో రాసుకుంటాం, ఆ చీటీ పట్టుకుని కొట్టుకు వెళతాం. ఆరునెలల పప్పు ముందే కొని పురుగు పట్టించుకోం. ఓనో అమెరికన్ సూపర్‌మార్కెట్ల పద్ధతి విని ఇదే పట్టుకున్నాడు: ముందు పనివాడు చేసి పడేయడం కాదు, తర్వాతి పనివాడు ఖాళీ పెట్టెతో చీటీ పంపినప్పుడే చేయాలి. ఆ చీటీయే కన్బన్. నిల్వ తక్కువగా ఉంటే ఇంకో లాభం కూడా ఉంది. పాడైన సరుకు గుట్టలో దాక్కోలేదు. వచ్చిన భాగం బాగాలేకపోతే ఆ నిమిషంలోనే తెలిసిపోతుంది, ఎందుకంటే వాడుకోవడానికి పక్కన ఇంకోటి ఉండదు.

లైను మీద ఒక తాడు ఉంటుంది. ఏ పనివాడికైనా తేడా కనబడితే లాగొచ్చు. బోల్టు సరిగా పట్టలేదు, తలుపు సందు ఎక్కువైంది, పెయింటు మీద గీత పడింది, ఏదైనా సరే. లాగగానే ట్యూను మోగుతుంది, పైన బోర్డు మీద ఆ స్థానం నంబరు వెలుగుతుంది. ఆ బోర్డును ఆండన్ అంటారు, అంటే దీపం. లైను అప్పుడే ఆగిపోదు. బండి ఆ గడి దాటేలోపు టీమ్ లీడరు పరుగున వచ్చి చూస్తాడు. సరిచేయగలిగితే మళ్లీ తాడు లాగి రద్దు చేస్తాడు, లేకపోతే గడి చివర లైను మొత్తం ఆగుతుంది. కొన్ని ఫ్యాక్టరీల్లో ఇప్పుడు తాడు బదులు బటన్లు వచ్చాయి. పని మాత్రం అదే, తెగిన దారం మీంచి రేకు జారిపడడమే.

ఆగాక ఏం చేయాలన్నదానికి ఓనో ఒక ఉదాహరణ చెప్పేవాడు. యంత్రం ఆగింది. ఎందుకు? ఫ్యూజు పోయింది. కొత్త ఫ్యూజు వేసి నడిపించేయడం అందరూ చేసేదే. ఆయన ఇంకా అడుగుతాడు. ఫ్యూజు ఎందుకు పోయింది? లోడు ఎక్కువై. లోడెందుకు ఎక్కువైంది? బేరింగుకు ఆయిలు అందక. ఎందుకు అందలేదు? పంపు సరిగా లాగడం లేదు. ఎందుకు లాగడం లేదు? షాఫ్టు అరిగింది. ఎందుకరిగింది? వడకట్టే జల్లెడ లేక ఇనుప రజను లోపలికి పోయింది. పెట్టాల్సింది ఫ్యూజు కాదు, జల్లెడ. బండిని మెకానిక్ దగ్గర వదిలి, అదే రిపేరుకు మూడోసారి డబ్బు కట్టిన ఎవరికైనా ఈ ప్రశ్నల విలువ వేరే చెప్పక్కర్లేదు.

అయినా అమెరికాలో మొదటి అడుగు బోర్లాపడింది. 1957లో క్రౌన్ కార్లు ఓడలో వెళ్లాయి. జపాన్ గతుకుల రోడ్లకు కట్టిన బరువైన కారు అది, ఇంజను చిన్నది. అక్కడి హైవేల మీద గంటల తరబడి వేగంగా పోవాల్సి వచ్చేసరికి వేడెక్కింది, ఊగిపోయింది, ఎత్తు ఎక్కలేకపోయింది. టయోటా దాని ఎగుమతి ఆపేసింది. నాలుగేళ్లపాటు అక్కడి దుకాణాన్ని దాదాపుగా ల్యాండ్ క్రూయిజర్ ఒక్కటే నెట్టుకొచ్చింది. 1965లో కొరోనా అనే కారుతో మళ్లీ వెళ్లారు, ఈసారి ఆ రోడ్లకు తగ్గట్టు కట్టి. 1966లో కొరోల్లా వచ్చింది. 1973 చమురు సంక్షోభంలో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన అమెరికన్లు చిన్న జపాన్ కార్లవైపు తిరిగారు. కొరోల్లా పేరుతో ఇప్పటిదాకా అమ్మినవి 5 కోట్లు దాటాయి.

ఇదంతా జపాన్ మనుషుల మహత్యమా, పద్ధతి మహత్యమా అన్న వాదనకు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జవాబు దొరికింది. అక్కడి జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీకి ఆ కంపెనీలోకెల్లా చెడ్డపేరు. రోజూ పదిమందిలో ఇద్దరు పనికి రారు. వచ్చినవాళ్లలో కొందరు డ్యూటీలోనే తాగుతారు. అక్కడ ఒకటే నియమం: లైను ఆగకూడదు. ఇంజను తప్పుగా బిగించినా, ఒక భాగం మరిచిపోయినా సరే, బండి ముందుకు పోవాల్సిందే, తర్వాత యార్డులో చూసుకోవచ్చు. 1982లో దాన్ని మూసేశారు. 1984లో టయోటా, జనరల్ మోటార్స్ కలిసి అదే భవనాన్ని నుమ్మి పేరుతో తెరిచాయి. తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆ పాత కార్మికులే, యూనియన్ కూడా పాతదే. వాళ్లను జట్లు జట్లుగా టయోటా సిటీలోని తకావోకా ఫ్యాక్టరీకి పంపి పని చూపించారు. తాడు లాగితే తిట్టరని, సాయానికి మనిషి పరుగెత్తుకొస్తాడని కళ్లారా చూశారు. ఏడాది రెండేళ్లలో ఆ ఫ్రీమాంట్ బండ్లు జపాన్ బండ్లతో పోటీపడే నాణ్యతకు చేరాయి.

మరి జనరల్ మోటార్స్ పక్కనే ఉండి అంతా చూసింది కదా, తన మిగతా ఫ్యాక్టరీల్లో ఎందుకు పెట్టుకోలేకపోయింది? తాడు కట్టడం తేలికే. లాగినవాడి మీద సూపర్‌వైజరు అరవకుండా ఉండడం కష్టం. టయోటా తన ఫ్యాక్టరీలను పోటీ కంపెనీలవాళ్లకు కూడా తిప్పి చూపించేది. చూసి వెళ్లినా కాపీ కొట్టలేరన్న ధీమా అది. 2010లో నుమ్మి మూతపడింది. ఆ భవనంలో ఇప్పుడు టెస్లా కార్లు తయారవుతున్నాయి.

ఈ పద్ధతికి ఉన్న బలం, బలహీనత రెండూ ఒకేసారి బయటపడిన సందర్భం 1997 ఫిబ్రవరి 1. కరియా పట్నంలో ఐసిన్ కంపెనీ ఫ్యాక్టరీ ఒకటి కాలిపోయింది. బ్రేకుల్లో వాడే అరచేతిలో పట్టే వాల్వు ఒకటి టయోటాకు దాదాపు అంతా అక్కడినుంచే వస్తుంది. నిల్వ కొన్ని గంటలకు సరిపడా మాత్రమే. కన్బన్ మహిమతో జపాన్‌లోని టయోటా ఫ్యాక్టరీలు దాదాపు అన్నీ పడకేశాయి. వారాల తరబడి అంతేననుకున్నారు. కానీ సరఫరాదారులు, వాళ్లకు సరుకిచ్చేవాళ్లు, చిన్నచిన్న వర్క్‌షాపులు డ్రాయింగులు తీసుకుని తలా కొన్ని వాల్వులు చేయడం మొదలుపెట్టారు. కుట్టుమిషన్లు చేసే బ్రదర్ కంపెనీ కూడా వాల్వులు చేసి ఇచ్చింది. ఎవరికెంత ఇస్తారన్న బేరం తర్వాత మాట్లాడుకున్నారు. వారం తిరిగేసరికి బండ్లు మళ్లీ బయటికొస్తున్నాయి. ఏళ్ల తరబడి చుట్టుపక్కల కంపెనీలతో నెరిపిన సంబంధం ఆ వారంలో పనికొచ్చింది.

మన్నికకు ఇంకో కారణం ఉంది, అది అంత కథలా ఉండదు. టయోటా తొందరపడదు. పక్కవాడు కొత్త గేర్‌బాక్సు తెస్తే, ఇది పాతదాన్నే ఇంకో అయిదేళ్లు సానపడుతుంది. కొత్త కారులో పాత ఇంజను, పాత ఇంజనులో కొత్త బేరింగు. చూడ్డానికి చప్పగా ఉంటుంది, కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు విసుగు. కానీ పదివేల గంటలు నడిచిన భాగంలో ఏ మూల బలహీనమో అప్పటికే తెలిసి ఉంటుంది. చాద్, లిబియాల మధ్య 1987లో జరిగిన పోరును టయోటా యుద్ధం అని పిలిచారు. లిబియా ట్యాంకుల మీదికి చాద్ సైనికులు టయోటా పికప్‌ల మీద క్షిపణులు పెట్టుకుని దూసుకెళ్లి గెలిచారు. ఏ కంపెనీ కోరుకునే ప్రచారమూ కాదది. కానీ ఎడారిలో మెకానిక్ లేని చోట ఏ బండి నడుస్తుందో సైనికుడికంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

మన దేశానికి టయోటా 1997లో కిర్లోస్కర్‌తో కలిసి వచ్చింది, బెంగళూరు దగ్గర బిడదిలో ఫ్యాక్టరీ. 2000లో క్వాలిస్ దింపింది. ఇండోనేషియాలో నడుస్తున్న పాత బండి రూపం అది, డబ్బాలా ఉంటుంది. పత్రికలవాళ్లు పెదవి విరిచారు. ట్రావెల్స్‌వాళ్లు ఎగబడి కొన్నారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, కాల్‌సెంటర్ ఉద్యోగులను అర్ధరాత్రి ఇళ్లకు చేర్చిన బండ్లలో క్వాలిస్‌లు ఎన్నో. బాగా అమ్ముడవుతుండగానే 2005లో దాన్ని ఆపేసి ఇన్నోవా తెచ్చారు. ఆ తర్వాత పల్లెల్లో పెళ్లికైనా, తిరుపతి ప్రయాణానికైనా, నాయకుడి కాన్వాయ్‌కైనా ఇన్నోవాయే.

బిడదిలో అంతా పాఠ్యపుస్తకంలా జరగలేదని కూడా చెప్పాలి. 2006లో, మళ్లీ 2020 చివర్లో కార్మికులు, యాజమాన్యం మధ్య గొడవ లాకౌట్ దాకా వెళ్లింది. 2020లో పనిభారం పెంచారన్నదే ముఖ్యమైన ఫిర్యాదు. తాడు లాగితే వింటామన్న కంపెనీలో మాట వినిపించడానికి గేటు బయట కూర్చోవాల్సి వచ్చింది.

ఇక పేరు ఎంత దూరం పనిచేస్తుందో చూడాలంటే గ్లాంజా చూడాలి. 2019లో వచ్చిన ఈ కారు మారుతీ సుజుకీ బలేనోయే, ముందు గుర్తు మారింది. వారంటీ, సర్వీసు టయోటావి. మగ్గం లేదు, తాడు లేదు, ఆ బ్యాడ్జి ఒక్కటే నమ్మకాన్ని మోస్తోంది. తప్పని అనను, సుజుకీ బండ్లేమీ తీసికట్టు కాదు. కానీ కొనేవాడు దేనికి డబ్బు కడుతున్నాడో తెలిసి కట్టాలి.

2008లో టయోటా జనరల్ మోటార్స్‌ను దాటి ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. ఆ వెంటనే పెద్ద దెబ్బ తగిలింది. 2009 ఆగస్టులో శాన్ డియెగో దగ్గర టయోటా ఖరీదైన బ్రాండు లెక్సస్ కారు ఒకటి అదుపు తప్పి దూసుకుపోయి నలుగురు చనిపోయారు. ఆ కారుకు సరిపడని ఫ్లోర్ మ్యాట్ యాక్సిలరేటర్ పెడల్‌ను పట్టేసిందని తేలింది. తర్వాత కొన్ని మోడళ్లలో పెడల్ వెనక్కి రాకుండా జిగటగా ఇరుక్కుంటుందని కూడా బయటపడింది. లక్షలాది కార్లు వెనక్కి పిలిచారు. ఎలక్ట్రానిక్స్‌లోనే దెయ్యం ఉందని టీవీల్లో హోరెత్తించారు. అమెరికా ప్రభుత్వం నాసా ఇంజనీర్లతో వెతికించింది, 2011లో అలాంటి లోపం దొరకలేదని నివేదిక వచ్చింది.

అక్కడితో టయోటా కడిగిన ముత్యమైందని కొందరు రాస్తారు. కాలేదు. పెడల్ సంగతి తెలిసి కూడా జనానికీ, ప్రభుత్వానికీ తప్పుదారి పట్టించే మాటలు చెప్పిందన్న కేసులో 2014లో కంపెనీ 120 కోట్ల డాలర్లు కట్టింది. మ్యాట్ ఇరుక్కోవడం లోపం, దాని గురించి నోరు మూసుకోవడం నేరం. 2010 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ ముందు కూర్చున్న కీచిరో మనవడు, అప్పటి కంపెనీ అధ్యక్షుడు అకియో టయోడా, మనుషుల్ని తయారుచేసుకోగలిగిన వేగం కంటే ఎక్కువ వేగంతో పెరిగామని ఒప్పుకున్నాడు. కీచిరో ట్రక్కు కింద దూరిన రోజుల్లో అమ్మినవి చాలా తక్కువ. అన్ని దేశాల్లో అన్ని లక్షలు అమ్ముతున్నప్పుడు ట్రక్కు కింద దూరేదెవరు?

తర్వాతి దెబ్బలు బయటివాళ్ల వల్ల కాదు, ఇంటివాళ్ల నుంచే. 2022లో టయోటా గ్రూపులోనే ట్రక్కులు చేసే హినో కాలుష్య పరీక్షల్లో లెక్కలు మార్చిందని ఒప్పుకుంది. 2023 డిసెంబరులో, అదే గ్రూపులో చిన్నకార్లు చేసే దైహాత్సు బయటపడింది: 64 మోడళ్లు, 174 అక్రమాలు, కొన్ని 1989 నాటివి. తన బండ్లన్నిటి సరఫరా ఆపేసుకోవాల్సి వచ్చింది. ఢీకొట్టే పరీక్షలో ఎయిర్‌బ్యాగు తెరుచుకోవాలంటే కారులోని సెన్సరు దెబ్బను పసిగట్టాలి కదా. కొన్ని పరీక్షల్లో టైమరు పెట్టి ఎయిర్‌బ్యాగు తెరిచారు. దారం తెగకముందే రేకును చేత్తో పడేసి, చూశారా మగ్గం ఆగింది అన్నట్టు.

2024 జనవరిలో మగ్గాల కంపెనీ వంతు. పవర్ పరీక్షకు వాడిన సాఫ్ట్‌వేర్ అమ్మే బండ్లలో ఉండేది కాదు. అంకెలు ఎగుడుదిగుడు లేకుండా నున్నగా కనిపించడానికి అలా చేశారు. అసలు ఇంజన్లను మళ్లీ కొలిస్తే చెప్పిన పవరే వస్తోందని టయోటా చెప్పింది. ఆ జూన్‌లో టయోటా కూడా తన సొంత మోడళ్లలో తప్పులున్నాయని ఒప్పుకుని, జపాన్‌లో మూడు మోడళ్ల ఉత్పత్తి ఆపింది. హోండా, మజ్దా, సుజుకీ, యమహా కూడా అదే జాబితాలో చేరాయి.

దైహాత్సు మీద విచారణ జరిపిన కమిటీ చెప్పిన కారణం చదివితే ఈ చిక్కుముడి విడిపోతుంది. కొత్త మోడల్ పూర్తిచేయడానికి అతి తక్కువ గడువు. పరీక్షకు ఒక్కటే అవకాశం, తప్పితే తేదీ జరుగుతుంది. కాదని చెప్పే దారి కింది ఉద్యోగికి లేదు. తాడు ఫ్యాక్టరీ లైను మీద వేలాడుతోంది. డిజైన్ ఆఫీసులో, టెస్టింగ్ ల్యాబులో వేలాడడం లేదు. బోల్టు బిగించేవాడు లైను ఆపితే సాయానికి మనిషి వస్తాడు. 'ఈ కారు మార్చికి సిద్ధం కాదు' అని చెప్పే ఇంజనీరుకు ఎవరూ రారు. మగ్గానికి నేర్పిన బుద్ధిని ఆఫీసుకు నేర్పడం మరిచిపోయారు.

సాంకేతికంగా కూడా పరీక్షలు ఎదురవుతున్నాయి. 2022లో టయోటా ప్రపంచ మార్కెట్‌కని తెచ్చిన బీజెడ్4ఎక్స్ ఎలక్ట్రిక్ కారుకు చక్రాల బోల్టులు వదులై చక్రమే ఊడే ప్రమాదం ఉందని తేలి వెనక్కి పిలిచింది. 2024లో అమెరికాలో లక్ష పైచిలుకు టండ్రా పికప్‌లను, లెక్సస్ బండ్లను పిలిచింది, ఇంజను లోపల లోహపు పొట్టు మిగిలిపోయిందని. బ్యాటరీ కాదు, సాఫ్ట్‌వేర్ కాదు: బోల్టు, ఇనుప రజను. ఓనో జల్లెడ కథ చెప్పిన కంపెనీలో.

అమ్మకాలు మాత్రం తగ్గలేదు. 2023లో టయోటా, లెక్సస్ పేర్లతో అమ్మినవి కోటి దాటాయి. ఈ వైరుధ్యం గురించి ఆలోచిస్తున్న రోజుల్లో కరీంనగర్ నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు ఒక ఇన్నోవాలో వెళ్లాను. బంధువుల అబ్బాయి చదువుకు అమెరికా వెళుతున్నాడు. ఏడుగురం, నాలుగు పెద్ద సూట్‌కేసులు, ఒక ఆవకాయ డబ్బా. ఆ అబ్బాయి దిగాక కొనబోయేది కూడా పాత కొరోల్లా అట, సీనియర్లు ముందే చెప్పిపెట్టారు. మేమెక్కిన ఇన్నోవా మీటరు మీద 4 లక్షల కిలోమీటర్లు దాటి ఉంది. డ్రైవరును అడిగాను, కంపెనీ పరీక్షల్లో మోసం చేసిందని పేపర్లో వచ్చింది చూశావా అని.

"చూసిన సార్. మా ఓనరు కొత్త క్రిస్టా బుక్ జేసిండు, బండి రాక లేటయింది" అన్నాడు. "పవరు కాయితం మీద ఎంతుంటే నాకేంది? ఆయిలు టైముకు మారుస్త. అది నా జోలికి రాదు, నేను దాని జోలికి పోను."

షాద్‌నగర్ వైపు బోర్డు కనబడగానే ఎడమకు తిప్పాడు. డ్యాష్‌బోర్డు మీద ఏదో పసుపు లైటు వెలిగి ఉంది. అదేమిటని అడిగితే, "అది ఆర్నెల్ల సంది అట్లనే ఉంది సార్" అన్నాడు.